గాలి తీశాను

తమ్ముడి కుడికన్ను పోయిన రోజు పొద్దున అక్క వాడితో మాట్లాడింది ఒకే ఒక్క మాట. క్యారేజీ మూత సరిగ్గా బిగించుకోమంది. వాడు బిగించుకున్నాడు. పదకొండు గంటల వేళ మూడో బల్ల దగ్గర, మేకులు కొట్టే గన్నులో ఇరుక్కున్న మేకు సగానికి విరిగి ఎగిరింది. చీకటి పడేలోగా ఆసుపత్రి వరండాలోకి డాక్టరమ్మ వచ్చి ఆ కంటికి ఇక చూపు రాదని చెప్పింది. అర్థం కాలేదేమోనని అదే మాట రెండోసారి కూడా చెప్పింది. అక్కకు మొదటిసారే అర్థమైంది.

అది జరిగి తొమ్మిది వారాలు. గాజుపలకలు భద్రంగా పంపడానికి కర్రపెట్టెలు తయారుచేసే షెడ్డు అది. అందులో ఒకే ఇంటి మనుషులు ముగ్గురు. అక్క పనిముట్ల గది చూసుకుంటుంది కాబట్టి అందరికీ ఆమె సామాన్లక్క. తమ్ముడు మూడో బల్ల మీద మేకుల గన్ను పట్టేవాడు. గీత గీసుకోకుండానే దారం పట్టినంత సూటిగా మేకులు దించుతాడని వాడికి దారం అని పేరు. ఆమె భర్త గోడకు అవతల కంప్రెసర్ దగ్గర ఉంటాడు. నాలుగు బల్లల మీది గన్నులకూ గాలి అక్కడి నుంచే పైపుల్లో వస్తుంది గనక అతను గాలాయన. బావ దగ్గరికి బయల్దేరిన ప్రతిసారీ తమ్ముడు "నేను గాలికి పోతున్నా" అని చెప్పి మరీ వెళ్ళేవాడు. షెడ్డంతా నవ్వేది. ఇప్పుడు వాడు ఎక్కడికీ పోవడం లేదు.

ఈ రోజు అక్క చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి సూపర్‌వైజరు రాసిన ప్రమాదం రిపోర్టు. 'కారణం' అని అచ్చువేసిన గడిలో ఒకటే వాక్యం: గాలి తీయకుండానే కార్మికుడు గన్ను విప్పాడు. దాని కింద కార్మికుడి సంతకానికి చోటు. ఈ రోజు మధ్యాహ్నం తమ్ముడు వచ్చి అక్కడ సంతకం పెట్టాలి. పెడితే తప్పు తనదని ఒప్పుకున్నట్టే. ఒప్పుకున్నవాడిని ఆ యాజమాన్యం తన షెడ్లలో ఎక్కడా బల్ల దగ్గరికి రానివ్వదు. వాకిలి దగ్గర కుర్చీ వేసి, వచ్చే లారీలను లోపలికి పిలవమంటుంది. తమ్ముడు ఇంట్లో గచ్చు మీద కూర్చుని, చెక్కముక్కలు పట్టుకుని, ఇంతకాలం మూసి ఉంచిన ఎడమకన్నుతో సూటి చూడడం మొదటి నుంచీ నేర్చుకుంటున్నాడు. వాడికి కుర్చీ అక్కర్లేదు. మూడో బల్ల కావాలి.

రెండో కాగితం ఆమె భర్త ఇచ్చిన వాంగ్మూలం. మొత్తం నాలుగు వాక్యాలు. చివరి రెండూ ఇవి: అతను గాలి తీయమన్నాడు. నేను గాలి తీశాను.

పనిముట్ల గదిలో స్టూలు మీద కూర్చుని ఆ రెండు కాగితాలనూ ఆమె పక్కపక్కన పెట్టి ఎన్నోసారో చదివింది. గాలి తీయలేదని ఒకటి. తీశానని మరొకటి. పైపులోంచి గాలి పోయాక గన్ను ఉత్త ఇనుపముద్ద. అది మేకును విసరలేదు. గన్నులు విప్పి, తుడిచి, బిగించడం ఆమెకు పదకొండేళ్ళ అలవాటు. పొద్దున్నే ప్రతి గన్నుకూ గాలి లోపలికి వెళ్ళే రంధ్రంలో రెండు చుక్కల నూనె వేస్తుంది. రెండంటే రెండే. మేకుల పెట్టె ఖాళీ చేసి, గన్ను ముక్కును చెత్త చెక్క మీద నొక్కి వదిలి, స్ప్రింగు తిరిగి వస్తోందో లేదో చూస్తుంది. ముక్కు చెక్కకు ఆని లోపలికి పోతే తప్ప ట్రిగ్గరు పనిచేయకూడదు. ఆ ముక్కు బిగుసుకుంటే ఆ గన్నును బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. ఎవరు బతిమాలినా ఇవ్వదు. అలాంటి మనిషికి ఈ రెండు వాక్యాల మధ్య ఏం జరిగిందో అంతుపట్టలేదు. ఒకటి మాత్రం తెలుసు. తీయమన్నానన్న తమ్ముడు, తీశానన్న భర్త, ఇద్దరిలో ఒకరు అబద్ధం ఆడుతున్నారు. ఇద్దరూ ఆమె వడ్డిస్తేనే తింటున్నారు.

తొమ్మిది వారాలుగా ఆమె కోపానికి ఒక చోటు లేదు. డాక్టరమ్మ మీద కాసేపు, సూపర్‌వైజరు మీద చాలాసేపు, కళ్ళకు రక్షణగా ఇచ్చిన అద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని పనిచేసినందుకు తమ్ముడి మీద కూడా, అది తలుచుకున్నప్పుడల్లా తన మీద. ఇంట్లో కంటి మాట ఎత్తకుండా మాట్లాడడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పొయ్యి మీద పాలు చూడు అనడానికి "పాల మీద ఓ కన్నేసి ఉంచు" అని ఒకసారి నోరు జారింది. తమ్ముడు తడుముకోకుండా "ఓ కన్నే కదా అక్కా, ఉంది" అన్నాడు. బావ లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. ఆ రోజు ఆమె అది ప్రేమ అనుకుంది.

భోజనాల గంట కొట్టారు. రంపాలు ఒక్కొక్కటే ఆగాయి. బల్లల దగ్గరివాళ్ళు చేతులు దులుపుకుంటూ ఆరుబయటికి పోయారు. ఆమె కాగితాలు మడిచి రవికలో పెట్టుకుని గోడ చుట్టూ తిరిగి కంప్రెసర్ దగ్గరికి వెళ్ళింది.

భర్త ట్యాంకు అడుగున నీళ్ళ మరను విప్పి, తుప్పునీళ్ళు డబ్బాలోకి పట్టి, మళ్ళీ బిగిస్తున్నాడు. భార్యను చూసి, భోజనం చేయలేదా అని అడిగాడు. ఆమె జవాబు చెప్పకుండా, ఆ రోజు ఏం జరిగిందో చెప్పమంది. అతను కాగితం మీద రాశానుగా అన్నాడు. చదివానంది. మరి ఇంకేముంది అన్నాడు. చేత్తో గోడ మీది పైపును తుడుస్తూ, ఆమె వైపు చూడకుండా అన్నాడు.

"అయితే ఇవాళ మళ్ళీ చేయండి. నేను బల్ల దగ్గరికి వెళ్తాను. వాడు ఎలా కేక వేశాడో అలాగే వేస్తాను. మీరు ఆ రోజు ఏం చేశారో సరిగ్గా అదే చేయండి. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

"ఇప్పుడెందుకే ఇదంతా?"

"ఎందుకో నాకూ తెలిస్తే అడగను."

ఆమె మూడో బల్ల దగ్గరికి వచ్చింది. అక్కడ ఇప్పుడు కొత్త పైపు, కొత్త కప్లింగు ఉన్నాయి. పైపును గన్నుకు తగిలించే ఇత్తడి ముక్క అది. దాని చుట్టూ ఉన్న ఉంగరాన్ని వెనక్కి లాగితే పైపు చటుక్కున ఊడి చేతిలోకి రావాలి. మేకు ఇరుక్కుంటే మొదటి పని అదే. ముందు పైపు ఊడదీయాలి, తరవాతే గన్ను ముక్కు విప్పాలి. ఎంత తొందరైనా సరే. తమ్ముడి గన్ను మీది కప్లింగు ప్రమాదానికి నాలుగు రోజుల ముందు బిగుసుకుపోయింది. కొత్తది రాలేదు. అందుకని మేకు ఇరుక్కున్న ప్రతిసారీ వాడు గన్ను బల్ల మీద పడుకోబెట్టి, తానే గోడ చుట్టూ తిరిగి వెళ్ళి, మూడో బల్ల వైపు గాలి పోనిచ్చే పెద్ద చక్రం కట్టేసి, కింద చిన్న కుళాయి తిప్పి పైపులో మిగిలిన గాలిని బయటికి వదిలేసి, మళ్ళీ నడిచి వచ్చి అప్పుడు విప్పేవాడు. చక్రం కట్టేసినంత మాత్రాన పైపులో ఉన్న గాలి ఎక్కడికీ పోదని వాడికి తెలుసు. నేర్పింది అక్కే. అయిదో రోజు వాకిట్లో లారీ ఆగి ఉంది. సూపర్‌వైజరు మూడో బల్ల దగ్గరే నిలబడి, ఇన్నిసార్లు నడుస్తూ కూర్చుంటే పెట్టెలు ఎప్పుడవుతాయి, నడవకు, ఇక్కడి నుంచే కేక వెయ్యి అన్నాడు.

ఆమె గన్నులోంచి మేకుల పట్టీ మొత్తం లాగేసింది. లోపల ఒక్కటీ లేదని వేలుతో కాదు, దీపం పెట్టి చూసింది. అద్దాలు పెట్టుకుంది. ముక్కును నేల వైపు, చెత్త చెక్క మీద ఉంచింది. వేలు ట్రిగ్గరుకు దూరంగా పిడి మీద చాచి పెట్టింది. అప్పుడు గోడ వైపు తిరిగి తమ్ముడిలాగే కేక వేసింది.

"బావా, ఆపు."

అవతల చక్రం తిరిగిన చప్పుడు. తరవాత నిశ్శబ్దం. గన్నులో గాలి కొంత కారిపోయినా ఇంకా మిగిలే ఉందని ఆమె అరచేతికి తెలుస్తోంది.

"గాలి తీయి."

చిన్న కుళాయి తిప్పితే వచ్చే చప్పుడు ఆమెకు తెలుసు. బుస్సుమని మొదలై సన్నగా ఆగిపోతుంది. అది రాలేదు. నెత్తి మీద పైపు టకటకమంది. నేల మీది రబ్బరు పైపు బతికిన పాములా ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంది. గన్ను ఆమె చేతిలో నిండుగా, బరువుగా, గట్టిగా అయింది. గాలి పోలేదు. వచ్చింది.

ఆమె ఉంగరం లాగి పైపు ఊడదీసి, గన్నును బల్ల మీద పడుకోబెట్టి, గోడ చుట్టూ నడిచి వెళ్ళింది. అద్దాలు తీయడం మరిచిపోయింది.

భర్త పెద్ద చక్రం మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. చెప్పిన పని చెప్పినట్టు చేసినవాడి ముఖం. "సరిపోయిందా?" అని అడిగాడు.

ఆమెకు ఒళ్ళంతా మండింది. అరవలేదు. అరిస్తే ఆ మాట చిన్నదైపోతుందనిపించింది.

"దీన్నా తీశారు?"

"మరి తీయమన్నావుగా."

"తీయమంటే?"

"తీయమంటే తీయడమే. కుళాయి తీయమంటే ఏం చేస్తాం? తలుపు తీయమంటే ఏం చేస్తాం? గాలి తీయమన్నావు, తీశాను."

ఆమె కింద ఉన్న చిన్న కుళాయి వైపు వేలు చూపించింది. అది దేనికో తెలుసా అని అడిగింది. సాయంత్రం పని అయ్యాక పైపులో చేరిన నీళ్ళు పోవడానికి తిప్పాలని సారు చూపించాడని, పని జరిగే వేళ ముట్టుకోవద్దన్నాడని అతను చెప్పాడు. అంతకు మించి ఎవరూ ఏమీ చూపించలేదు. లారీ నడిపే మనిషిని నడుం నొప్పని దించి ఇక్కడ పెట్టారు. ప్రమాదం నాటికి అతను ఇక్కడికి వచ్చి ఇరవై రోజులు. ఆ ఇరవై రోజుల్లో ఎవరూ బల్ల దగ్గర నుంచి గాలి తీయమని కేక వేయలేదు. మిగతా బల్లల వాళ్ళు కప్లింగు ఊడదీసుకునేవాళ్ళు. తమ్ముడు నడిచి వచ్చి తన పని తాను చేసుకునేవాడు. ఆ మాట గోడ దాటి రావడం అదే మొదటిసారి.

"మేకు ఇరుక్కుందని వాడు చెప్పాడా లేదా?"

"చెప్పాడు. మేకు ఇరుక్కుంది, ఆపమన్నాడు. ఆపాను. తరవాత తీయమన్నాడు. ఇరుక్కున్న మేకును గాలితో బయటికి కొట్టిస్తాడు కాబోలు అనుకున్నాను. పైపులో ఏదైనా అడ్డం పడితే నీళ్ళు వదిలి తోయిస్తామే, అలాగ." అతను చక్రం మీద నుంచి చెయ్యి తీశాడు. "నీ బోర్డు మీద కూడా అదే ఉంది కదే."

"నా బోర్డు మీద ఏముంది?"

"మేకు ఇరుక్కుంటే ముందు గాలి తీయాలి. మూడో రూలు. ఇక్కడికి వచ్చిన మొదటి రోజే చదివాను నేను. రెండుసార్లు చదివాను. నువ్వు రాసింది గదా అని."

కంప్రెసర్ తనంతట తాను మొదలై కాసేపు దడదడలాడి ఆగింది.

ఆ బోర్డు ఆమెకు గర్వం. గుండ్రటి అక్షరాలు, తెల్లరంగు, ఒక్క తప్పు లేదు. రెండేళ్ళ కిందట రాసింది. అంతకుముందు గోడ మీద ఎవరో బొగ్గుతో గీకిన రూళ్ళు ఉండేవి. అందులో ఈ వరస ఇలా ఉండేది: మేకు ఇరుక్కుంటే గాలి చంపు. కంప్రెసర్ దగ్గర అప్పుడున్న ముసలాయన, బల్లల దగ్గరి వాళ్ళు, అందరూ అదే మాట అనేవారు. చంపు అంటే చక్రం కట్టేసి, పైపు ఖాళీ చేసి, ఇక కదలదని చూసుకోవడం. ఆ మాటకు రెండో అర్థం లేదు. ఆమెకే నచ్చలేదు. పొద్దున్నే మనుషులు వచ్చి పని మొదలుపెట్టే చోట గోడ మీద చంపు అని ఉండడం ఏమిటి, అశుభం కాకపోతే, అనుకుంది. చెరిపేసి తీయాలి అని రాసింది. ముసలాయన చదివి, బోర్డుకి మర్యాద ఎక్కువైందమ్మా అని నవ్వాడు. ఆయనకు అర్థమైంది కాబట్టి అందరికీ అర్థమవుతుందనుకుంది. తమ్ముడు మాత్రం అక్క రాసిన మాట గదా అని ఆ రోజు నుంచీ చంపు అనడం మానేశాడు. షెడ్డులో తీయి అనేవాడు వాడొక్కడే.

తొమ్మిది వారాలుగా చోటు లేకుండా తిరుగుతున్న కోపం వచ్చి ఆమె మీదే కూర్చుంది. దాన్ని అక్కడ ఉండనిచ్చింది. తన వంతు తనదే. అంతమాత్రాన మిగతావాళ్ళ వంతు తగ్గిపోదు.

"మీకు ఎప్పుడు తెలిసింది?"

అతను ముఖం పైపు వైపు తిప్పుకున్నాడు.

"నన్ను చూసి చెప్పండి. ఎప్పుడు తెలిసింది?"

"ఆసుపత్రిలో. రెండో రోజు. వాడు మగతలో ఉన్నాడు. గాలి తీశావా బావా, పోయిందా బావా అని అడుగుతూనే ఉన్నాడు. పోయిందా అంటున్నాడేమిటి అనుకున్నాను. అప్పుడు..." అతను తుడిచిన పైపునే మళ్ళీ తుడిచాడు. "అప్పుడు అనుమానం వచ్చింది."

"వచ్చి?"

"ఎలా చెప్పను? వాడికి నేను తినిపిస్తున్నాను. నేనే కట్టు మార్పిస్తున్నాను. వారం వారం నా చెయ్యి పట్టుకుని బస్సెక్కుతున్నాడు."

"అందుకే చెప్పాలి."

"నేను అబద్ధం రాయలేదు. చూసుకో. గాలి తీశాననే రాశాను."

"అవును, నిజమే రాశారు. చదివినవాళ్ళకు తెలియకుండా ఉండేలా రాశారు. వాంగ్మూలం రాసేటప్పుడు మీకు ఆ మాటకున్న రెండు అర్థాలూ తెలుసు. ఒక్కటి వాడుకున్నారు, ఒక్కటి దాచుకున్నారు. లారీ నడిపే మనిషి, చదువు అంతంతమాత్రం అనుకున్నాను ఇన్నాళ్ళూ. నాకంటే బాగా వచ్చు మీకు తెలుగు."

అతను గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. నేనే వాడితో చెప్తాను అన్నాడు. ఆమె వద్దంది. తొమ్మిది వారాలు విప్పని నోరు ఇంకో గంట విప్పకపోతే కొంపలు మునగవంది. ముందు కాగితం మీద ఆ వాక్యం పోవాలి. వాడు వచ్చేలోపే పోవాలి.

ఆమె పనిముట్ల గదికి వెళ్ళి బీరువా తాళం తీసింది. అడుగు అరలో గుడ్డలో చుట్టి తమ్ముడి గన్ను ఉంది. ఆ రోజు పైపు ఎవరు లాగినా ఊడలేదు. చివరికి పైపును కత్తితో కోసి, జానెడు ముక్కతో సహా గన్నును ఆమెకు అప్పగించారు. ఆమె దాన్ని తుడవలేదు, నూనె వేయలేదు, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఇప్పుడు దాన్ని ముక్కు నేల వైపు ఉండేలా పట్టుకుని మెట్లెక్కింది.

సూపర్‌వైజరు గది షెడ్డుకు ఒక మూల, పది మెట్ల మీద, చుట్టూ గాజు. అక్కడి నుంచి అన్ని బల్లలూ కనిపిస్తాయి. ఆయన భోజనం ముగించి పళ్ళు కుట్టుకుంటున్నాడు. ఆమె గన్ను తెచ్చి ఆయన కాగితాల మీద పెట్టగానే కుర్చీ వెనక్కి జరిపాడు.

"భయపడకండి సార్. మేకులు లేవు. గాలి లేదు. ముక్కు మీ వైపు లేదు. ఆ పైపు ముక్క ఒక్కటి ఊడదీయండి చాలు."

ఏమిటమ్మా ఇది అంటూనే ఆయన ఉంగరం పట్టుకుని లాగాడు. రాలేదు. చేతిరుమాలు చుట్టి లాగాడు. లేచి నిలబడి, గన్నును పొట్టకు ఆనించుకుని లాగాడు. ముఖం కందగడ్డలా అయింది. ఉంగరం వెంట్రుకవాసి కదలలేదు. కింద భోజనాలు ముగించి వస్తున్న ఇద్దరు ముగ్గురు తలలెత్తి ఆ గాజుగదిలో జరిగే కుస్తీని చూశారు.

కాస్త నూనె వేస్తే అదే వస్తుందని ఆయన గన్ను దించాడు.

"నాలుగు రోజులు వేశాను సార్. అయిదో రోజు మావాడి కన్ను పోయింది. కొత్తది కావాలని మీకు మూడుసార్లు చెప్పాను."

"చూద్దామన్నాను కదమ్మా."

"అన్నారు. ఇక్కడ కూర్చుని చూస్తూనే ఉన్నారు."

ఆయన చేతిరుమాలు మడతపెట్టుకున్నాడు. రిపోర్టులో అబద్ధం ఏముందో చెప్పమన్నాడు. గాలి తీయకుండా విప్పాడు, అంతే కదా. అద్దాలు కూడా కంటి మీద లేవు, పాపం కదా అని అది రాయలేదన్నాడు. ఆమె చెప్పింది. కేక దగ్గర నుంచి చక్రం దాకా, బోర్డు మీది మూడో రూలుతో సహా, ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. ఇరుక్కున్న మేకు, గన్ను ముక్కును లోపలికి నొక్కి పట్టి ఉంచింది కాబట్టి గన్ను చెక్క మీదే ఉన్నాననుకుందని, అది జారిపోకుండా వాడు ట్రిగ్గరుతో సహా పిడిని గట్టిగా పట్టుకున్నాడని, అప్పుడు గాలి వచ్చిందని చెప్పింది. ఆయన వింటూ వింటూ నెమ్మదిగా కుర్చీలో వెనక్కి వాలాడు. ఆయన ముఖంలో బరువేదో దిగిపోవడం ఆమె చూసింది.

"అంటే చక్రం తిప్పింది మీ ఆయన." ఆయన కలం మూత తీశాడు. "ముందే చెప్పాల్సింది కదమ్మా. ఆయన పేరు రాద్దాం. దారం పేరు కొట్టేద్దాం. నాకేం, గడిలో ఒక పేరు ఉంటే చాలు."

"మరి ఈ కప్లింగు?"

"దానికి పేరు ఉండదు కదా."

"తెప్పించని మనిషికి ఉంటుంది. నడవకు, కేక వెయ్యి అన్న మనిషికి ఉంటుంది. లారీ నడిపేవాడిని తెచ్చి చక్రం ముందు నిలబెట్టి, చిన్న కుళాయి దేనికో సగమే చెప్పిన మనిషికి ఉంటుంది. బోర్డు రాసిన నాకూ పేరు ఉంది. అన్నీ రాయండి. మా ఆయనదీ రాయండి. మావాడు అద్దాలు నుదుటి మీదికి నెట్టుకున్నాడు, అదీ రాయండి."

"అంత ఆ గడిలో పట్టదమ్మా."

"గడి పెద్దది చేయండి."

ఆయన నవ్వబోయి, ఆమెను చూసి ఆగాడు. మెల్లగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. ఈ కాగితం పైకి వెళ్తుందని, పైవాళ్ళు ఒక కారణం అడుగుతారు కానీ ఊరందరి జాబితా అడగరని, బావో బావమరిదో తేల్చుకోమని, తన పేరు రాసుకుంటూ తాను కూర్చోలేనని. తేల్చుకోకపోతే ఇప్పుడున్న వాక్యమే ఉంటుందన్నాడు.

ఆమె ఇంకేదో అనబోతుండగా మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఒక్కొక్క మెట్టునూ కాలితో వెతుక్కుంటూ ఎక్కే అడుగులు. ఒక కన్ను పోయాక మెట్టు ఎక్కడుందో, ఎంత దూరంలో ఉందో వాడికి ఇంకా సరిగ్గా అందడం లేదు. గంట ముందే వచ్చేశాడు. గుమ్మం పట్టుకుని నిలబడి, ముందు సూపర్‌వైజరుకు, తరవాత అక్కకు తల ఊపాడు. బల్ల మీద తన గన్ను చూసి ఒక్క క్షణం ఆగాడు.

"నువ్వూ ఇక్కడే ఉన్నావా అక్కా. మంచిదే. సంతకం ఎక్కడ సార్? వేలు పెట్టి చూపించండి. మళ్ళీ పక్క గడిలో పెడితే మీ ఉద్యోగం నాకొస్తుంది."

అక్క ఈ రోజు వద్దంది. వాడు వినలేదు. ఇన్నాళ్ళుగా అనుకుని అనుకుని అరిగిపోయిన మాటలను వాడు నెమ్మదిగా చెప్పాడు.

"గొడవెందుకక్కా. తప్పు నాదే. బావ తీస్తూనే ఉన్నాడు. పైపు ఖాళీ అయిందో లేదో చూసుకోకుండా నేనే ముఖం పెట్టాను. ఆ చప్పుడు ఆగేదాకా ఒక్క నిమిషం ఓపిక పట్టి ఉంటే అయిపోయేది. పాపం బావ, ఆ రోజు నుంచీ సరిగ్గా తినడం లేదు. నేను సంతకం పెట్టేస్తే ఆయన మనసైనా కుదుటపడుతుంది."

వాడి వెనక, కింది నుంచి మూడో మెట్టు మీద, భర్త నిలబడి ఉన్నాడు. రావద్దన్నా వచ్చాడు. వాడి మాటలన్నీ విన్నాడు. ఇనుప కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు.

సూపర్‌వైజరు ఆమె వంక చూశాడు. తరవాత గాజులోంచి కిందికి, ఆ మెట్టు మీది మనిషి వంక చూశాడు. కలాన్ని తిప్పి, పిడి వైపు తమ్ముడికి అందించాడు. తమ్ముడు చెయ్యి చాచాడు. అందాల్సిన చోటు కంటే బెత్తెడు ఇవతలే వేళ్ళు మూశాడు. రెండోసారి పట్టుకున్నాడు.

అక్క రిపోర్టు మీద అరచెయ్యి బోర్లించి పెట్టింది.

"చెయ్యి తియ్యక్కా," అన్నాడు వాడు, నవ్వుతూనే.

ఆమె తీయలేదు. కారణం గడిలో ఇంకా పాత వాక్యమే ఉంది. దాని కింద సంతకం పడలేదు. గాలి ఎటు తిరిగిందో గదిలో ఇద్దరికి, మెట్టు మీద ఒకరికి తెలుసు; ఆ ముగ్గురిలో తమ్ముడు లేడు. వాడికి ఇంకా ఎవరూ చెప్పలేదు.